మాస్కు ఉండాలి, ముఖం కనపడాలి

"కార్మికుడి కన్నే కర్మాగారానికి కన్ను! ఆ కంట్లో నలుసు పడిందంటే నా కంట్లో పడ్డట్టే!"

భద్రతా పక్షోత్సవాల మొదటి రోజున మేనేజరు గారు ఇలా ప్రకటించేసరికి షెడ్డంతా చప్పట్లు కొట్టింది. కొత్త గ్లౌజులు అప్పుడే పంచారేమో, వాటిని తీయడానికి ఎవరికీ మనసొప్పలేదు. అందుకని ఆ చప్పట్లు దిండు దులిపినట్టు మెత్తగా వినిపించాయి. మేనేజరు గారు దాన్ని వినయం అనుకున్నారు.

రవ్వల బాబాయ్ కూడా కొట్టాడు. ఇరవై ఆరేళ్ళుగా వెల్డింగు చేస్తున్న మనిషి. రవ్వలు పడి చిల్లులు పడని చొక్కా ఒక్కటీ లేదు కాబట్టి ఆ పేరు స్థిరపడింది. ఆయన పాత మాస్కు అద్దం రెండుచోట్ల పగిలి టేపు దయవల్ల బతుకుతోంది. గ్లౌజులతోపాటు ఇచ్చిన కొత్త మాస్కులో నల్లద్దం నిగనిగలాడుతుంటే, కొత్త అల్లుణ్ణి చూసినట్టు మురిసిపోయాడు. మురిసిపోడూ మరి! పక్షం ఆఖరి రోజున కళ్ళ డాక్టరు వస్తాడు. చూపు తగ్గిందని తేలితే ఆ వెల్డరు మర్నాటినుంచి వెల్డరు కాదు, ఇనప రజను ఊడ్చేవాడు. బాబాయ్‌కి ఉన్న భయమల్లా అదొక్కటే.

ఆ రోజు మేనేజరు గారు అందరినీ మాస్కుల్లో ఫొటో తీసి ప్రధాన కార్యాలయానికి పంపారు. సాయంత్రంలోగా జవాబు వచ్చేసింది. 'మాస్కుల వెనక ఉన్నది ఎవరు? మన కార్మికులేనని రుజువేమిటి? ముఖాలు స్పష్టంగా కనపడే ఫొటోలు రోజూ పంపవలెను. మాస్కు లేని ఫొటోలు తిరస్కరించబడును.'

మాస్కు ఉండాలి, ముఖం కనపడాలి! ఇంకొకరైతే జుట్టు పీక్కునేవారు. మేనేజరు గారికి పీక్కోవడానికి ఎక్కువ లేదు గనక ఆలోచించారు. మర్నాడు పొద్దున్నే స్టోరు చూసే ఆవిడను పిలిచి, మాస్కులన్నిట్లోంచీ నల్లద్దాలు ఊడదీయించారు. వాటిని పెట్టెలో పెట్టించి, 'భద్రతా సామగ్రి: ముట్టరాదు' అని చీటీ అంటించి, తాళంచెవి జేబులో వేసుకున్నారు.

బాబాయ్ మాస్కు తగిలించుకున్నాడు. అద్దం ఉండాల్సినచోట కిటికీ ఉంది. ఆ కిటికీలోంచి చెయ్యి పెట్టి హాయిగా ముక్కు గోక్కోవచ్చు.

"సార్, ఇదేంటి సార్? కళ్ళు కాపాడేదే ఆ అద్దం కదా!"

"మాస్కు ఇచ్చానా లేదా?"

"ఇచ్చారు."

"తలకి పెట్టుకున్నావా లేదా?"

"పెట్టుకున్నాను గానీ..."

"మరింకేం! మాస్కు అంటే మాస్కే. అందులో ఏముంది ఏం లేదు అని తవ్వుకుంటూ కూర్చుంటే పనులవుతాయా?"

"పోనీ ఫొటో అయ్యాక అద్దం పెట్టుకుంటాం సార్."

"ఫొటో ఎప్పుడు తీస్తానో నాకే తెలీదు. ఆకస్మికం! నువ్వు పెట్టుకునే టైముకి నేను ఫోను తీస్తే? మొత్తం మన పరువే పోతుంది!"

ఇలా ఒకరి పరువు, ఇంకొకరి కళ్ళు తక్కెట్లో పడ్డాయి. ఏది బరువు తూగిందో చెప్పనక్కర్లేదు. పాత మాస్కు పెట్టుకుందామా అంటే, ప్రమాదకరం అని రాసి దాన్ని మొదటి రోజే తుక్కులో పడేశారు.

ఆ సాయంత్రం బాబాయ్ ఇంటికి వెళ్ళేసరికి కళ్ళల్లో ఇసుక పోసి నలిపినట్టుంది. నీళ్ళు ధారకడుతున్నాయి. భార్య గుమ్మంలోనే నిలదీసింది.

"ఏమయ్యా, ఎవరితోనైనా గొడవపడ్డావా? ఏడుస్తున్నావెందుకు?"

"ఏడవట్లేదే. మా దగ్గర భద్రతా పక్షోత్సవాలు."

ఆవిడ తడిగుడ్డ తెచ్చి కళ్ళమీద వేసింది. వేస్తూ వేస్తూ మేనేజరు గారి వంశాన్ని మూడు తరాల వెనకనుంచి అందుకుంది. ఆ తిట్లు వింటుంటే బాబాయ్‌కి సగం మంట తగ్గింది. మిగిలిన సగం భయం. ఈ లెక్కన పదిహేనో రోజుకి డాక్టరు వేళ్ళు చూపించి ఎన్ని అంటే, వేళ్ళెక్కడ అని అడగాల్సి వస్తుంది!

ఆ భయంలోంచే ఉపాయం పుట్టింది. మర్నాడు రాడ్డును అతుకు పెట్టాల్సిన చోట ఆనించి, సరిగ్గా నిప్పు రాజుకునే ముందు కళ్ళు గట్టిగా మూసుకుని తల పక్కకి తిప్పేశాడు. చరచర చప్పుడు వింటూ చెయ్యి లాగుతూ పోయాడు. చప్పుడు మారితే ఆపడం, చూసుకోవడం, మళ్ళీ మూయడం. ఇరవై ఆరేళ్ళ చెయ్యి కాబట్టి అతుకు అతుకులాగే కనిపించింది. పైకి మాత్రం. మేనేజరు గారు ఫోను తీసినప్పుడు మాత్రం పని ఆపి, కళ్ళు పెద్దవి చేసి నవ్వేవాడు. ప్రధాన కార్యాలయం ఆ నవ్వును మెచ్చుకుంటూ రెండు ఉత్తరాలు రాసింది!

పద్నాలుగో రోజున ఇంకో ఉత్తరం వచ్చింది. 'మేనేజరు స్వయంగా వెల్డింగు చేస్తున్న ఫొటో పంపవలెను. కంపెనీ పత్రిక ముఖచిత్రంగా వేయబడును.'

మేనేజరు గారు ఉన్న నాలుగు వెంట్రుకలూ దువ్వుకుని, కిటికీ మాస్కు తగిలించుకుని, ఒక తుక్కు రేకు ముందు కూర్చున్నారు. స్టోరు ఆవిడ ఫోను పట్టుకుని దూరంగా నిలబడింది.

బాబాయ్ ఉండబట్టలేకపోయాడు. తిట్టుకున్న మాట నిజమేగానీ, కన్ను కన్నే కదా! "సార్, నిప్పు రాగానే కళ్ళు మూసుకోండి సార్. నా మాట వినండి."

"నన్ను కళ్ళు మూసుకోమంటావా? ముఖచిత్రం మీద కళ్ళు మూసుకున్న మేనేజరా? జనం ఏమనుకుంటారు!"

రవ్వలు బాగా రాలేదని ఒకసారి, చిరునవ్వు కుదరలేదని ఒకసారి, మొత్తం పావుగంట సేపు కళ్ళు ఇంతింత చేసుకుని వెలిగించారు. ముఖచిత్రం అద్భుతంగా వచ్చింది.

మర్నాడు డాక్టరు వచ్చాడు. బాబాయ్ అక్షరాలన్నీ చివరి వరసదాకా గడగడా చదివేశాడు. "ఈ వయసులో ఈ కళ్ళేమిటయ్యా!" అని డాక్టరు ఆశ్చర్యపోయాడు. బాబాయ్ గుండెల మీంచి మణుగు బరువు దిగిపోయింది.

తర్వాత మేనేజరు గారిని నడిపించుకు వచ్చారు. కళ్ళు వాచి రెండు గీతలై ఉన్నాయి. డాక్టరు చుక్కలు వేసి, "అద్దం లేకుండా వెల్డింగు చూసిన కళ్ళివి. ఏ బుద్ధిలేనివాడు చూడమన్నాడండీ?" అని అడిగాడు. మేనేజరు గారు నల్లకళ్ళజోడు పెట్టుకుని, స్టోరు ఆవిడ చెయ్యి పట్టుకుని, పై గదికి కొత్తగా వేసిన ఇనప మెట్లు ఎక్కసాగారు. సగం ఎక్కాక ఆగారు.

"ఏమయ్యా, నీ కళ్ళకేం కాలేదుటగా! పదిహేను రోజులు చేశావు. ఎలా?"

"కళ్ళు మూసుకుని చేశాను సార్."

మేనేజరు గారి ముఖం వెలిగిపోయింది. "చూశారా! నేను చెప్పలేదూ? అద్దం ఉత్త దండగ! ఈ పద్ధతి ప్రధాన కార్యాలయానికి రాయాలి. మూసిన కళ్ళతో సురక్షిత వెల్డింగు! భేష్! ఇంతకీ ఈ పదిహేను రోజులూ ఏం పని చేశావు?"

"ఇప్పుడు మీరు నిలబడ్డ మెట్లు సార్."

మేనేజరు గారు పైకి వేయబోయిన కాలు గాల్లోనే ఉంచి, స్టోరు ఆవిడ చెయ్యి వదిలి రెండు చేతులా గోడను కరుచుకున్నారు.

"అన్నీనా?"

"మొదటి రెండూ చూసే పెట్టాను సార్. ఒకటి అద్దంతో, ఒకటి అద్దం లేకుండా."

"నేను ఎన్నో మెట్టు మీదున్నాను?"

"తొమ్మిది."

మేనేజరు గారు ఊపిరి కూడా పూర్తిగా పీల్చలేదు. బరువు పెరుగుతుందని కాబోలు! గోడను వదలకుండానే జేబులోంచి తాళంచెవి తీసి కిందికి విసిరారు.

"అద్దాలు తియ్యండి! అందరికీ బిగించండి! బాబాయ్, బాబాయ్, ముందు నువ్వు పెట్టుకో నాయనా! కళ్ళు బాగా తెరుచుకుని ఒక్కో మెట్టూ మళ్ళీ అతుకు పెట్టు. అయ్యేదాకా నేనిక్కణ్ణించి కదలను. అమ్మా, నువ్వు కదలకు, అక్కడే నిలబడి ఉత్తర్వు రాసుకో!"

"కారణం ఏమని రాయమంటారు సార్?" అంది ఆవిడ, తనూ గోడను పట్టుకుంటూ.

"కార్మికుల కళ్ళంటే మేనేజరుకు ప్రాణంతో సమానం కనుక అని రాయి... మెల్లిగా రాయమ్మా, మెట్టు ఊగుతోంది!"