పదకొండు వేలిముద్రల శాస్త్రం

అక్షరాలు అరవై దాటాక దిద్దాను. తప్పులుంటే మీరే సరిచేసుకోండి. పేజీ రాయడానికి నాకు వారం పడుతుంది. మీరూ నిదానంగా చదివితే ఇద్దరికీ న్యాయంగా ఉంటుంది.

సమాజశాస్త్రం నికార్సైన శాస్త్రమని ఒక చొక్కాల కార్ఖానాలో రుజువైంది. అక్కడ బొత్తాలు కుట్టే పెద్దావిడను అందరూ బొత్తాలత్త అంటారు. భర్త లేడు. మందుచీటీ చదివించుకోవడానికి కోడలి తీరిక కోసం కాచుకోకుండా బతకాలని ఆవిడ కోరిక. అందుకే పని దిగాక, దారపు కండెల గదిలో, మరో పదిమందితో కలిసి పంతులమ్మ దగ్గర చదువుకుంటోంది. అప్పటికి 'మ' దాకా వచ్చింది. మందు అని చదవగలదు. ఏ మందో తెలియడమే మిగిలింది.

ఆ దశలో సర్వే సారు వేంచేశారు.

"అమ్మా, మిగతా శాస్త్రాలకి ప్రయోగశాలలుంటాయి. మాకు మీరే ప్రయోగశాల. మేం మెచ్చుకోం, తప్పుపట్టం, శంకించం. ఉన్నది ఉన్నట్టు రాసుకుని సూత్రం తీస్తాం."

"ప్రయోగశాలంటే ఏంటి వదినా?" బొత్తాలత్త గుసగుసగా అడిగింది.

"కప్పల్ని కోసే చోటు," అంది పక్కనే కూర్చుని చదువుకునే ఇస్త్రీ వదిన.

సారు మొదటి ప్రశ్న వేశారు: "చదవడం వచ్చా?"

"ఎంత మాట! పేపరు చదవందే కాఫీ ముట్టను," అంది ఇస్త్రీ వదిన.

ఆమె ముందు చులకనైపోవడమా? "నేనైతే కాఫీ చల్లారిపోయినా పేపరు వదలను," అనేసింది బొత్తాలత్త. తక్కిన తొమ్మిదిమందీ ఏం తక్కువ తిన్నారు? సారు శంకించలేదు. చెప్పిందంతా నిజమేనని పదకొండుమంది చేతా వేలిముద్రలు వేయించుకుని సెలవు తీసుకున్నారు.

పక్షం తిరక్కుండానే గదికి తాళం పడింది. తలుపు మీద కాగితం.

"చదువు వదినా."

"కళ్లజోడు తేలేదు. నువ్వు చదువు."

ఆ రోజు ఒక్కరూ కళ్లజోడు తేలేదు. చివరికి వాచ్‌మన్ చదివాడు: ఇచ్చట అందరికీ చదువు వచ్చునని శాస్త్రీయంగా తేలినందున తరగతి రద్దు.

బొత్తాలత్త సిగ్గు చంపుకుని మేనేజరు దగ్గరికి వెళ్లింది. "అబద్ధం చెప్పాం బాబూ. మాకు చదవడం రాదు."

"నోటిమాట చెల్లదమ్మా. అర్జీ రాసివ్వండి."

పంతులమ్మ వెళ్తూ అక్షరాల పటం ఇచ్చి వెళ్లింది. దాన్ని ముందు పెట్టుకుని, భోజనాల విరామంలో, ఒకరి తప్పు ఒకరు వెక్కిరించుకుంటూ, పదకొండుమందీ ఏడు నెలలు కష్టపడి అర్జీ రాశారు: "అయ్యా, మాకు చదవడం రాయడం రాదు."

మేనేజరు రెండుసార్లు చదివారు. "ఎంత గుండ్రటి చేతిరాత! సర్వే అక్షరాలా నిజం," అని ఫైలు మూసేశారు.

నిన్న సర్వే సారు మళ్లీ వచ్చారు. ఈసారి ప్రశ్న: మీ ఇంట్లో మీ మాట చెల్లుతుందా?

"నేను చెప్పందే మా ఇంట్లో చీమ కూడా కదలదు," అంది ఇస్త్రీ వదిన.

బొత్తాలత్త ఒక్క క్షణం ఆలోచించింది. "మా ఇంట్లో చీమలు కూడా నన్నడిగే వస్తాయి," అంది.

ఈసారి వేలిముద్ర వేయలేదు. సంతకం చేసింది.

ఇట్లు,
బొత్తాలత్త,
వయసు అరవై నాలుగు,
కోడలి మాట చెల్లే ఇంట్లో, వెనక గది.