మూడో గదిలో భీమరాజు బెంచీ

ఆ రోజు భీమరాజు వేసుకున్న పథకం చాలా చిన్నది. పొద్దున్నే ద్రాక్షారామం వెళ్ళి భీమేశ్వరస్వామికి దండం పెట్టుకుని, రామచంద్రపురంలో లెక్కల పరీక్ష రాసి, మధ్యాహ్నానికి మిల్లుకు వచ్చి కాటా దగ్గర కూర్చోవాలి. రైసుమిల్లులో ధాన్యం లారీలు తూచే ఆ కాటాకు ఈమధ్యే కంప్యూటర్ పెట్టారు. పదో తరగతి పాసు కానివాళ్ళను దాని ముందు కూర్చోబెట్టనని ఓనరుగారబ్బాయి కిరణ్ తేల్చి చెప్పాడు. ఏభై ఆరేళ్ళ భీమరాజు ప్రైవేటుగా కట్టి మిగతా పరీక్షలన్నీ గట్టెక్కాడు. లెక్కలొక్కటే మిగిలింది. ఈసారి అది పోతే ఉద్యోగమూ పోతుంది.

భార్య వీరవేణి గంజి పెట్టిన తెల్లపంచె, తెల్లచొక్కా తీసి ఇచ్చింది.

"పెళ్ళికెళ్తున్నానా ఏంటే?"

"ఆ పాత ప్యాంటుతో వెళ్తే గేటు దగ్గరే ఆపేస్తారు. కాస్త మర్యాదగా వెళ్ళండి."

ఆ మర్యాదే కొంప ముంచింది.

గేటు దగ్గర అటెండరు లేచి నిలబడ్డాడు. పరీక్షల పెద్ద జగన్నాథరావు ఎదురొచ్చి కుర్చీ వేయించాడు. నుదుట విభూతి, నెరిసిన జుట్టు, నలగని పంచె. అలాంటి మనిషిని ఎందుకొచ్చారని అడగడం ఆ ప్రాంతంలో పద్ధతి కాదు, ముందు కాఫీ ఇస్తారు. కాఫీ ఇచ్చిన మనిషికి అడ్డు చెప్పడం భీమరాజుకు చేతకాదు.

"టైమైపోతోందండి. ఈ కట్ట పట్టుకుని మూడో గదికి పదండి," అన్నాడు జగన్నాథరావు.

మిల్లులో ఎవరేది చేతికిచ్చినా మోయడం భీమరాజుకు అలవాటు. పైగా తన నంబరు పడింది కూడా మూడో గదిలోనే. ప్రశ్నపత్రాలు మోసుకెళ్ళి, అందరికీ పంచాడు.

సరిగ్గా అప్పుడే దుర్గాశ్రీ పరుగెత్తుకుంటూ వచ్చింది. పరీక్ష గదిలో కాపలా కాయాల్సిన టీచరు ఆవిడే. బక్కపలచటి మనిషి, మొదటి డ్యూటీ, బస్సు ఆలస్యం.

"బెల్లు కొట్టాక రావడమేంటమ్మా? వెళ్ళి కూర్చో!" అని జగన్నాథరావు ఖాళీగా ఉన్న ఒక్క బెంచీ చూపించాడు.

"సార్, నేను..."

"మాట్లాడకు. రాయి."

ఒకరి బదులు ఒకరు పరీక్షలు రాయడం గురించి దుర్గాశ్రీ వినే ఉంది. పెద్దసారు ఆ పని తనకు అప్పగించాడనుకుని పెన్ను తీసింది.

భీమరాజు మెల్లగా దగ్గరికెళ్ళాడు. "అమ్మా, ఈ నంబరు నాదండి."

"పెద్దసారే కూర్చోమన్నారండి."

తనకు వేరే చోటు చూపిస్తారు కాబోలనుకుని భీమరాజు నిలబడ్డాడు. టీ వచ్చింది. తాగాడు. చాలాసేపటికి జగన్నాథరావు మళ్ళీ అటు వచ్చాడు.

"అయ్యా, నన్నెప్పుడు రాయమంటారండి?"

"మీరెందుకు రాయడం మాస్టారూ?"

భీమరాజు హాల్‌టికెట్ చూపించాడు. జగన్నాథరావు దాన్నీ, దుర్గాశ్రీ డ్యూటీ కాగితాన్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. ఇద్దరినీ వరండాలోకి పిలిచాడు.

"బయటికి పొక్కితే ముగ్గురం పోతాం. ఇప్పుడు మీకు పేపరిచ్చినా టైము చాలదు. ఆవిడ రాసింది మీ పేరునే కట్టేస్తాను. టీచరండీ బాబూ, మీకింకేం కావాలి?"

"నేనూ చదువుకొచ్చానండి."

"చదివింది ఎక్కడికి పోతుందండి?"

బస్సులో భీమరాజు ప్రశ్నపత్రం విప్పి చూశాడు. సగానికి పైగా తనకు వచ్చిన లెక్కలే ఉన్నాయి. మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ సంగతి వీరవేణికి చెప్పలేదు. టీచరమ్మే తన పరీక్ష రాసిన సంగతి మాత్రం చెప్పాడు. వీరవేణి తాపేశ్వరం కాజాలు తెప్పించి మిల్లంతా పంచింది. "పాసైనట్టే బాబూ," అన్న భీమరాజు మాట నమ్మి, కిరణ్ అతన్ని కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాడు.

ఫలితాలొచ్చాయి. లెక్కల్లో ఇరవై రెండు.

భీమరాజు జగన్నాథరావు దగ్గరికి పరుగెత్తాడు.

"టీచరు రాసిందన్నారు కదండి!"

"టీచరేనండి. కానీ తెలుగు టీచరు. లెక్కల పరీక్షకి లెక్కల టీచర్ని కాపలా ఎక్కడ వేస్తారండి? రూలు ఒప్పుకోదు."

మర్నాడు కాటా దగ్గర కొత్త కుర్రాడు కూర్చున్నాడు. బడిలో దుర్గాశ్రీ ఎప్పటిలాగే హాజరు పిలిచింది.

లెక్కల్లో తప్పిన ఆ ఇద్దరిలో ఉద్యోగం పోయింది ఒక్కరికే.