బుసబుస పొంగిన బొట్టు

1995లో ఆ రోజు పొద్దున ఫిజిక్సు లెక్చరరు కాశీనాథం వేసుకున్న పథకం చాలా చిన్నది. మైనం పూసిన రాగి పలక మీద నీటి బొట్టు పెట్టాలి, కరెంటు ఇవ్వాలి, గుండ్రటి బొట్టు చదునుగా పరుచుకోవాలి. పదకొండింటికి హైదరాబాదు నుంచి వచ్చే ప్రొఫెసరు అది చూసి తల ఊపాలి. ఊపకపోతే ల్యాబు గది పాత రికార్డుల పాలవుతుందని ప్రిన్సిపాలు హన్మంతు ముందే చెప్పేశాడు. సిద్దిపేట మొత్తంలో కాశీనాథానికి ఆ గది తప్ప వేరే లోకం లేదు.

ఉత్త నీళ్లయితే బొట్టు మొండికేస్తుంది. అందుకని బ్యాటరీల దుకాణం నుంచి తెచ్చిన డిస్టిల్డ్ వాటర్‌లో చిటికెడు ఉప్పు కలిపి బీకరు పక్కన పెట్టుకున్నాడు.

ల్యాబు ఊడ్చే అంజవ్వకు ఈ సంగతులేవీ తెలియవు. సారు మూడు రోజులుగా తిండి మాని పలకకేసి చూస్తున్నాడంటే ఎవరి కన్నో తగిలిందన్నమాట. ఇంటి నుంచి దొడ్డుప్పు గుప్పెడు తెచ్చి, వెనక నిలబడి, అతని తల చుట్టూ మూడుసార్లు తిప్పింది. దోమలను తోలుతోందనుకుని కాశీనాథం కదలలేదు. దిష్టి తీసిన ఉప్పును ఎవరూ తొక్కకూడదు, నీళ్లలో వేసేయాలి. దగ్గర్లో ఉన్న నీళ్లు ఆ బీకరులోవే.

పదిన్నరకు కరెంటు ఇస్తే బొట్టు పరుచుకోలేదు. బుసబుస పొంగి, చిటపటలాడి, ఎగిరి కళ్లజోడు మీద పడింది. మైనానికి ఎక్కడో చిల్లు పడిందనుకుని కాశీనాథం కొవ్వొత్తులు కరిగించి కొత్త పూత మొదలుపెట్టాడు. గది నిండా పొగ కమ్మింది. హన్మంతు ఇసుక బకెట్టుతో పరుగెత్తుకొచ్చాడు.

"ఏందయ్యా, గది నాకియ్యాల్సొస్తదని అంటువెట్టినవా?"

"మైనం సార్, ఉత్త మైనం!"

ఆ వెనకే దగ్గుకుంటూ ప్రొఫెసరు వచ్చాడు. ఇక చేసేదేమీ లేక కాశీనాథం కొత్త పలక మీద బొట్టు పెట్టి, మీట నొక్కి, కళ్లు మూసుకున్నాడు. బొట్టు మళ్లీ పొంగి ఎగిరింది. అతనికి ఏడుపొక్కటే తక్కువ.

"మస్తుగున్నదయ్యా!" అన్నాడు ప్రొఫెసరు. "పరుచుకునుడైతె అందరు చూపిస్తరు, గిట్ల ఎగురుడు ఎవ్వలు చూపియ్యరు. సోమవారం హైదరాబాదుకు తీస్కొచ్చి మావోళ్లకు చూపెట్టు. గిట్లనే ఎగిరితె గది నీకే ఉంచుమని రాసిస్త."

మధ్యాహ్నం కాశీనాథం మళ్లీ చిటికెడు ఉప్పుతో కొత్త నీళ్లు కలిపి చూశాడు. బొట్టు పుస్తకంలో రాసినట్టే చక్కగా పరుచుకుంది. ఐదుసార్లు పెడితే ఐదుసార్లూ అంతే. అతను తల పట్టుకున్నాడు.

"అంజవ్వా, పొద్దుగాల గీ నీళ్లల్ల ఎవరన్న ఏమన్న కలిపిన్రా?"

"నేనే సారూ. మీకు దిష్టి దీసి గుప్పెడు ఉప్పేసిన. తప్పైందా?"

వెంటనే కాశీనాథం కొత్త నీళ్లలో తన గుప్పెడు ఉప్పు వేసి కరెంటు ఇచ్చాడు. ఫ్యూజు ఎగిరిపోయింది. అంజవ్వ గుప్పెడు కాస్త చిన్నది. ఆ గుప్పెడు ఉప్పు ముందు తూకంలో వెయ్యమంటే ఆమె వినలేదు.

"తల చుట్టు తిప్పని ఉప్పు నేనెయ్య సారూ."

తిప్పి నీళ్లలో వేసింది. ఫ్యూజు మార్చి మీట నొక్కగానే బొట్టు ఎగిరింది.

హైదరాబాదుకు తీసుకుపోవలసిన పరికరాల జాబితాలో కాశీనాథం చివరన రాశాడు: అంజవ్వ, ఒకరు.