అంగలకుదురు తొక్కల మీద కేసు

పర్మిషన్ ఎంత ఆలస్యమైతే దేశానికి అంత మేలు! నవ్వకండి. నమ్మకం లేకపోతే తెనాలి పక్కన అంగలకుదురు వెళ్లి, నాగేశ్వరమ్మగారి మామిడిరసం ఫ్యాక్టరీ వెనకాల నిలబడండి. ముక్కు మూసుకుని నిలబడండి.

అక్కడ నిలువెత్తు తొక్కల కుప్ప. ఈగలకు నిత్యం తిరణాల! నెల తిరిగేలోగా అది తియ్యకపోతే ఫ్యాక్టరీకి తాళమేనని శుభ్రత చూసే ఆఫీసు నోటీసిచ్చింది. పాపం ఆవిడ బాపట్ల నుంచి పున్నారావు అనే సైంటిస్టుని పిలిపించుకుంది.

"తొక్కే కదా అని తొక్కెయ్యకండి పిన్నిగారూ! ఇందులో యాంటీ ఆక్సిడెంట్లున్నాయి. అవి కలిపితే నూనె చెడి కంపు కొట్టదు. రేపల్లె పచ్చళ్లవాళ్లు ఎంత తీస్తే అంతా కొంటామంటున్నారు."

"దేంతో తీస్తావు నాయనా?"

"అందరూ విషపు సాల్వెంట్లలో నానబెట్టి తీస్తారండి. మనం నీళ్లూ ఆల్కహాలూ కలిపి తీద్దాం. మట్టికీ మనిషికీ హాని ఉండదు."

ఆల్కహాలు! 1995లో! రాష్ట్రమంతా మద్యనిషేధం అమల్లో ఉండగా! ఆ మాట వినగానే దొంగసారా పట్టుకునే ఆఫీసులో హాలు హాలంతా లేచి నిలబడింది. గుమాస్తా వెంకట సుబ్బయ్య అప్లికేషన్‌ని రెండువేళ్లతో పట్టుకున్నాడు.

"ఇరవై లీటర్లా? ఎవరండీ తాగేది?"

"తాగడానిక్కాదండి, తొక్కలు నానబెట్టడానికి. విషపు సాల్వెంట్లకు బదులు, హాని లేనిదని."

"ఆ విషపువైతే ఏ కొట్లోనైనా కొనుక్కోండి, మాకు సంబంధం లేదు. ఇది హాని లేనిదంటున్నారుగా, మూడు సంతకాలు కావాలి."

ఎంత ముందుచూపు! విషాన్ని బజార్లో వదిలేసి, విషం కానిదాన్ని కాపలా కాసే ఆఫీసు ఇంకే దేశంలో ఉందండీ? తొక్కల కోసం పున్నారావు తొక్కని గడప లేదు. ఒక సంతకం తెనాలిలో, ఒకటి బాపట్లలో, మూడోది సెలవులో!

ఈలోగా రెండు వానలు పడ్డాయి. కుప్ప తడిసింది, పులిసింది, బుసబుసా నురగెత్తింది. అప్లికేషనూ సంతకమూ లేకుండా దాని ఆల్కహాలు అదే తయారుచేసుకుంది! ఇన్నాళ్లూ కదలని ఆఫీసు గంటలో జీపేసుకుని వచ్చింది.

"సారా కాచే ఊటేనండి ఇది!" అని వెంకట సుబ్బయ్య వాసన చూసి కేసు రాశాడు.

"రేపటితో నా గడువు అయిపోతుంది బాబూ. మనుషుల్ని పెట్టి ఇప్పుడే ఎత్తించేస్తాను," అంది నాగేశ్వరమ్మగారు.

"అమ్మమ్మమ్మ! ముట్టుకోకండమ్మా. కేసు తేలేదాకా ఇది సాక్ష్యం!"

మర్నాడు గడువు దాటగానే శుభ్రత చూసే ఆఫీసు ఫ్యాక్టరీకి తాళం వేసింది. తొక్కలు తీసే నలభైమంది ఆడవాళ్లకు పని పోయింది. అయినా దేశానికి మేలే! ఇద్దరు బంట్రోతులకు కొత్తగా పని దొరికింది: ముక్కుకు రుమాలు కట్టుకుని, కుప్పకు కాపలా!