రొవీనా పికెట్ దించని వేలు

ఆ శనివారం పొద్దున రొవీనా పికెట్ వేసుకున్న పథకంలో తేడా రావలసినదేమీ లేదు. పదకొండింటికల్లా బార్లో ఫాల్స్ సంత మైదానానికి చేరాలి. వ్యాన్ పక్కన పెనం పెట్టి వచ్చేపోయేవాళ్ళకి చీజ్ రొట్టెలు కాల్చిపెట్టాలి. అయిదింటికి టిన్ హెరాన్ బృందం కచేరీలో కూర్చోవాలి. డెబ్భై ఒకటో ఏట ఆమె వినబోతున్న నాలుగువందల పన్నెండో కచేరీ అది. టిన్ హెరాన్ అంటే రేకు కొంగ. యాభై ఏళ్ళుగా ఏ పాటనీ రెండు రోజులు ఒకేలా వాయించని నలుగురు ముసలివాళ్ళ బృందం. ఎనిమిది నిమిషాల పాట ఇరవై ఆరు నిమిషాలు సాగినా సాగుతుంది, మధ్యలో అది ఎటు పోతుందో వాయించేవాళ్ళకే తెలియదు. వాళ్ళ వెంట ఊరూరా తిరిగే అభిమానులు తమను తాము కొంగలని చెప్పుకుంటారు. లోకం నవ్వుతుంది. నవ్వుకోనివ్వండి, కొంగలకి దాంతో పనిలేదు.

ఆరింటికి రొవీనా వ్యాన్ పక్క తలుపు లాగింది. ఆ తలుపు నలభై ఏళ్ళుగా మొండిది. మొదట కదలదు, కదిలాక ఆగదు. ఈసారి ఆమె కుడిచేతి చూపుడు వేలు అడ్డం పడ్డాక ఆగింది.

ఆసుపత్రిలో నర్సు వేలికి రేకు బద్ద పెట్టి, నిటారుగా కట్టు కట్టింది. "ఎముక విరిగిందండీ. ఇవాళంతా చెయ్యి గుండె కంటే ఎత్తులో ఉండాలి. దించారంటే నొప్పి తట్టుకోలేరు."

"కచేరీకి వెళ్ళొచ్చా?"

"ఇంట్లో పడుకుంటే మంచిది."

"మంచిదా అని అడగలేదమ్మా, వెళ్ళొచ్చా అనడిగాను."

నర్సు జవాబు చెప్పేలోపు రొవీనా లేచి నిలబడింది. నొప్పి సంగతి ఆమెకి పట్టలేదు. ఆమె భయమంతా కూతురు మార్గో గురించి. పోయినేడు రొవీనా భర్త మెర్ల్, కచేరీ రికార్డు చేసుకునే మైకు కట్టడానికి వ్యాన్ పైకెక్కి జారిపడి తుంటి బీట వేయించుకున్నాడు. అప్పుడు మార్గో కాగితం రాసి ఇద్దరి చేతా సంతకాలు పెట్టించింది. ఈ ఏడు కచేరీ ప్రయాణంలో ఎవరికి చిన్న దెబ్బ తగిలినా ఆ వచ్చే సోమవారం వ్యాన్ అమ్మేయాలి. కొనేవాడు కూడా సిద్ధంగా ఉన్నాడు, దాన్ని కాఫీ బండి చేసుకుంటాడట. మార్గో ఇన్సూరెన్సు కంపెనీలో ఇరవై రెండేళ్ళుగా ఏ వస్తువు వల్ల ఎవరికేం ప్రమాదమో అంచనా వేస్తూ బతుకుతున్న మనిషి. పైగా చిన్నప్పుడు ఆమె పుట్టినరోజుల్లో అయిదు, కచేరీల పార్కింగ్ మైదానాల్లోనే జరిగాయి. ఆ కోపం యాభయ్యో ఏటికి కూడా ఆరలేదు. ఇవాళ కాపలాకి తనూ టికెట్ కొనుక్కుని మరీ వస్తోంది.

ఇంటికొచ్చి రొవీనా పాత ఊలు గ్లౌజు నుంచి ఒక వేలు కత్తిరించి కట్టు మీద తొడిగింది. ఎరుపూ పసుపూ చారలు. కట్టు కనబడదు, కానీ వేలు కనబడకుండా పోయేది కాదు.

దారి పొడుగునా మెర్ల్ వ్యాన్ నడుపుతుంటే, ఆమె చెయ్యి కిటికీ పైన ఆనించి కూర్చుంది. మైదానంలో దిగాక ఆనించడానికేమీ దొరకలేదు. దించి చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మళ్ళీ ఎత్తింది.

"అమ్మా, ఆ వేలేమిటి?" అంది అక్కడికి ముందే వచ్చి కాచుకున్న మార్గో.

టికెట్ లేని కొంగ చూపుడు వేలెత్తి మైదానమంతా తిరుగుతుంది. అది అక్కడి ఆచారం. మన బళ్ళో పిల్లాడు వేలెత్తితే మాస్టారు బయటికి పంపిస్తారు. అక్కడ వేలెత్తిన మనిషిని లోపలికి పంపిస్తారు. ఎవరో ఒకరు తమ దగ్గర మిగిలిన టికెట్ తెచ్చి ఊరికే చేతిలో పెడతారు. అమ్మడం మహాపాపం. ఇచ్చినదాన్ని వద్దనడం అంతకన్నా పాపం. ఇందుకోసమే ఆ బృందం ఇప్పటికీ కాగితం టికెట్లే అచ్చు వేయిస్తుంది.

"టికెట్ పోయిందే," అంది రొవీనా నిబ్బరంగా. "అందుకే ఎత్తాను. ఆ చారలు దూరం నుంచి కనబడటానికి."

ఆడిన అబద్ధానికి సాక్ష్యం సంచిలోనే ఉంది కాబట్టి, మార్గో అటు తిరగగానే తన టికెట్ తీసి మెర్ల్ చొక్కా జేబులోకి జార్చింది. అతనికి చెప్పే వీలు లేదు, మార్గో మూడడుగుల దూరంలో పెనం మీద రొట్టెలు తిప్పుతోంది. పది నిమిషాల తర్వాత మెర్ల్ కళ్ళజోడు కోసం జేబు తడిమితే రెండు టికెట్లు తగిలాయి. రొవీనాది రొవీనా దగ్గరే ఉందని అతని నమ్మకం. ఈ రెండోది ఎక్కడిదా అని కాసేపు ఆలోచించాడు. ఎక్కువసేపు ఆలోచించడం కొంగల పద్ధతి కాదు. ఎదురుగా ఒక పోస్టుమ్యాన్, ఉద్యోగం నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, యూనిఫారంలోనే వేలెత్తి నిలబడ్డాడు.

"తీసుకో నాయనా," అని మెర్ల్ టికెట్ ఇచ్చేశాడు. మంచిపని చేశానన్న తృప్తితో ఒక రొట్టె ఎక్కువ తిన్నాడు.

ఈలోపు మైదానంలో కబురు పాకింది. రొవీనాకి టికెట్ లేదట! చీజ్ రొట్టెల రొవీనాకి! ముందుగా ఓర్విల్ వచ్చాడు. డెబ్భై నాలుగేళ్ళు, నడుం దాకా తెల్లగడ్డం.

"ఇదిగో రొవీనా, నా దగ్గర ఇంకోటుంది."

"వద్దులే ఓర్విల్."

"వద్దా!" ఓర్విల్ గడ్డం అదిరింది. "వేలెత్తి, ఇస్తే వద్దంటావా? నువ్వేనా ఈ మాట అనేది?"

మార్గో చూస్తోంది. రొవీనా తీసుకుంది. ఆ తర్వాత పొగాకు రంగు టోపీ పెట్టుకున్న ఆవిడ వచ్చింది, కవల అన్నదమ్ములొచ్చారు, ఎనభయ్యేళ్ళ దంత వైద్యుడొచ్చాడు. అందరిదీ ఒకటే మాట, నా దగ్గర ఇంకోటుంది. ఇంకోటి ఎవరి దగ్గరా లేదు. నాలుగింటికి రొవీనా చేతిలో పదకొండు టికెట్లు చేరాయి. టికెట్లు ఇచ్చేసిన పదకొండుమందీ నాలుగు వైపులకీ పోయి వేళ్ళెత్తారు. వాళ్ళని చూసి జాలిపడి మరో ఎనిమిదిమంది తమ టికెట్లు వాళ్ళకిచ్చేసి, తాము వేళ్ళెత్తారు.

మార్గో చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. "అమ్మా! ఇందాక ఎత్తింది నీ ఒక్కదాని వేలు. ఇప్పుడు మైదానమంతా వేళ్ళేమిటి?"

"ఈసారి గిరాకీ ఎక్కువలే," అంది రొవీనా.

మైదానం కాపలాదారుల పెద్ద డెన్నిసన్ ఆ వేళ్ళ వెంట నడుచుకుంటూ వచ్చాడు. అతనికి కొంగలూ తెలియవు, ఆచారమూ తెలియదు. అతనికి కనబడింది ఒక్కటే. టికెట్ల కోసం జనం అల్లాడుతుంటే ఒక ముసలమ్మ పదకొండు టికెట్లు పట్టుకుని, ఒక వేలెత్తి నిలబడింది.

"ఒక్కోటి ఎంతకమ్ముతున్నావ్?" అన్నాడు.

నాలుగువందల కచేరీల్లో రొవీనాని ఇంత మాట అన్నవాడు లేడు.

"నేనా? అమ్మడమా?"

"బ్లాకులో అమ్మేవాళ్ళందరూ ఇలాగే అంటారు మేడమ్. టికెట్లు జప్తు. మీరు మైదానం బయటికి నడవండి."

జప్తు అన్న మాటకి ఓర్విల్ మొహం పాలిపోయింది. కవలలు ఒకరినొకరు చూసుకున్నారు. అప్పటికి గానీ రొవీనాకి విషయం తెలియలేదు. వీళ్ళెవరి దగ్గరా ఇంకోటి లేదు! ఆమె నోరు మూసుకుంటే వ్యాన్ దక్కుతుంది, ఈ పదకొండుమందీ బయటే ఉండిపోతారు. ఆమె ఊలు తొడుగు పళ్ళతో పట్టి లాగేసింది. రేకు బద్ద ఎండలో మెరిసింది.

"విరిగింది!" అని అరిచింది. "పొద్దున ఆరింటికి మా వ్యాన్ తలుపులో పడి విరిగింది. దించొద్దని నర్సు చెప్పింది. టికెట్ పోలేదు, గికెట్ పోలేదు, మా అమ్మాయికి అబద్ధమాడాను. ఎవరివి వాళ్ళు తీసుకోండి!" తర్వాత కూతురి వైపు తిరిగింది. "అమ్ముకోవే వ్యాన్‌ని! సోమవారం దాకా ఎందుకు, ఇప్పుడే పిలు వాణ్ణి. నేను బస్సులో వస్తా. బస్సు లేకపోతే నడిచొస్తా. కాళ్ళు విరిగితే మీ నాన్న తోపుడుబండిలో కూచోబెట్టి తోసుకొస్తాడు."

"తోసుకొస్తా," అన్నాడు మెర్ల్. "ఎత్తు ఎక్కేచోట ఎవరైనా ఓ చెయ్యేస్తే."

"ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపాను, ఒక్క పిల్లాడికి గీత పడనివ్వలేదు. నాకా జాగ్రత్తలు నేర్పేది? ముసల్దాన్నే, ఒప్పుకుంటా. మూల కూచోమంటే మాత్రం కూచోను!"

డెన్నిసన్ ఆ వేలు చూశాడు, ఆ మొహం చూశాడు, టికెట్ల సంగతి వదిలేశాడు. పదకొండుమందీ తమవి తాము తీసుకుని, జాలిపడ్డ ఎనిమిదిమందివి వాళ్ళకి తిరిగిచ్చారు. రొవీనా మెర్ల్ జేబులో చెయ్యిపెట్టింది. ఒక్కటే ఉంది.

"నాదేది?"

"అది నీదా? పోస్టుమ్యాన్‌కిచ్చేశా."

ఆచారం ప్రకారం మెర్ల్‌ని తిట్టడానికి లేదు. పొద్దుటి అబద్ధం సాయంత్రానికి నిజమైంది, అంతే. మార్గో ఓర్విల్ దగ్గరికి వెళ్ళింది.

"మీకున్న ఒక్క టికెట్ ఎలా ఇచ్చేశారు?"

"ఎనభై ఆరులో నాకు ఉద్యోగం పోయింది, ఇల్లు పోయింది. మూడు వారాలు మీ అమ్మ రొట్టెల మీదే బతికానమ్మాయ్. ఇంకోటి తింటావా అని తప్ప ఆవిడ నన్నొక్క ప్రశ్న అడగలేదు." ఓర్విల్ గడ్డంతో కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వప్పుడు తొమ్మిదేళ్ళ పిల్లవి. నీ పుట్టినరోజు కేకు కూడా పెట్టావు. నీకు గుర్తుండదులే."

మార్గోకి ఆ కేకు బాగా గుర్తుంది. దాని మీద కోపమే తప్ప, దాన్ని ఎవరికి పెట్టిందో మాత్రం ఇన్నాళ్ళూ గుర్తులేదు. ఆమె తన సంచిలోని ప్లాస్టిక్ ఫోల్డర్ తెరిచి తన టికెట్ తీసి తల్లి ఎడమచేతిలో పెట్టింది.

"నువ్వెళ్ళమ్మా. వేలు మాత్రం పైకే ఉంచు."

"మరి నువ్వు?"

యాభై ఏళ్ళలో ఎవరినీ ఏదీ ఊరికే అడగని మార్గో, చుట్టూ ఒకసారి చూసి, మొహం కందగడ్డ చేసుకుని, చూపుడు వేలు చెవి దాకా ఎత్తింది.

"ఇంకా పైకెత్తు," అంది రొవీనా. "అడిగేదేదో గట్టిగా అడుగు."

మార్గో చెయ్యి పూర్తిగా చాచింది. అయిదు నిమిషాలు కాకముందే గేటు వైపు నుంచి పోస్టుమ్యాన్ పరుగెత్తుకొచ్చాడు. అతని స్నేహితుడు లోపల అతని కోసం ఒకటి ఉంచాడట. చేతిలోదాన్ని ఎత్తిన వేలికి చేర్చి వెళ్ళాడు. మార్గో నంబరు చూసింది. మెర్ల్ పక్క సీటు, రొవీనా అతని జేబులోకి జార్చిన టికెట్టే.

ఆ సాయంత్రం కొంగలు ముసలి గొంతులతో తాము మరిచిపోయామనుకున్న చరణాలని కూడా పాడారు. పాట ఇరవై ఆరు నిమిషాలూ దాటాక మార్గో వాచీ చూడటం మానేసింది. వెనక వరుసలో ఎవరో రొవీనాని చెయ్యి దించమన్నారు, స్టేజీ కనబడటం లేదట. ఆమె దించలేదు.

సోమవారం పొద్దున కాఫీ బండివాడు డబ్బు పట్టుకుని వచ్చాడు. మార్గో గుమ్మంలోనే ఆపింది. ఆ వ్యాన్ తలుపు చాలా ప్రమాదకరమైనదనీ, పోయిన శనివారమే ఒక పెద్దావిడ వేలు విరగ్గొట్టిందనీ, తెలిసి తెలిసి దాన్ని పరాయివాళ్ళకి అంటగట్టడానికి ఇన్సూరెన్సు మనిషిగా తన మనసొప్పదనీ చెప్పి, అతన్ని మర్యాదగా వెనక్కి పంపేసింది.