అర్థమైనవాళ్ల హాజరు

"సోమవారం నుంచి ఏ బడిలోనూ బట్టీ ఉండదు. అందరికీ అర్థమవుతుంది," అని విద్యామంత్రిగారు ప్రకటించారు. ఎంత దూరదృష్టి! ఇన్నాళ్లూ పిల్లలకు అర్థం కాకపోవడానికి కారణం, అర్థం కావాలని ఎవరూ ఉత్తర్వు ఇవ్వకపోవడమేనని ఇంకెవరికీ తట్టలేదు.

సోమవారం పొద్దున్నే సర్క్యులర్ వచ్చింది. 'అవగాహన అనగా...' అని మొదలై పదకొండు పంక్తులు. శుక్రవారం మంత్రిగారు తనిఖీకి వచ్చేలోగా పిల్లలంతా కంఠతా పట్టాలి.

ఏది తేలుతుందో ఏది మునుగుతుందో చూపిద్దామని సైన్సు టీచరు బకెట్లో నీళ్లు నింపుకుంది. ఆ నీళ్లు పారబోసి పదకొండు పంక్తులూ వల్లె వేయించింది. భర్త ఉద్యోగం చేసే ఊరికి బదిలీ కోసం ఆమె పెట్టుకున్న అర్జీ మూడేళ్లుగా విద్యాశాఖ డైరెక్టరుగారి దగ్గరే ఉంది. గొంతు బొంగురుపోయినా ఆపలేదు.

శుక్రవారం ఏడో తరగతి ఏకకంఠంతో అప్పజెప్పింది. మంత్రిగారు పరవశించిపోయారు.

"ఏమ్మా, అర్థమైందా?" అని ఆఖరి బెంచీ అమ్మాయిని అడిగారు.

"లేదండీ. అర్థం కాకపోతే అడగమని అందులోనే ఉందిగా. 'సంజ్ఞానాత్మక అనుసంధానం' అంటే ఏంటండీ?"

మంత్రిగారు డైరెక్టరు వైపు చూశారు. డైరెక్టరు హెడ్మాస్టరు వైపు చూశాడు. హెడ్మాస్టరు టీచరు వైపు గుడ్లురిమాడు.

"నాకూ తెలీదమ్మా," అంది టీచరు.

సాయంత్రం హెడ్మాస్టరు హాజరుపట్టీ పట్టుకొచ్చాడు.

"రిపోర్టులో నూటికి నూరుమందికీ అర్థమైందని నిన్ననే రాసి పంపేశామమ్మా. ఆ పిల్ల ఇవాళ రాలేదని వేసెయ్."

"వచ్చింది కదండీ!"

"అర్థం కానివాళ్లు వచ్చినట్టు లెక్క కాదట. డైరెక్టరుగారి మాట."

"నాకూ అర్థం కాలేదుగా. నాకూ ఆబ్సెంట్ వేసెయ్యండి!"

కడుపుమండి అన్న మాట అది. ఆయన బుద్ధిగా ఇద్దరికీ వేసేశాడు. కలం మూత పెట్టబోయి ఆగాడు.

"నిజంగానే నీకు తెలీదూ?"

"తెలీదండీ."

"సైన్సు చెప్పేదానివి నీకే తెలీకపోతే నాకేం తెలుస్తుంది!" అని గొణుక్కుంటూ తన పేరు ఎదురుగానూ వేసుకున్నాడు. తర్వాత డైరెక్టరుగారికి ఫోన్ చేశాడు. "ఆ మాటకు అర్థం మీకైనా తెలుసాండీ?" అని అడిగాడు. మర్నాటికల్లా, శుక్రవారం డైరెక్టరుగారు వేరే ఊళ్లో క్యాంపులో ఉన్నట్టు కాగితం తయారైంది. దాంతోపాటే, అనుమతి లేని గైర్హాజరు కారణంగా టీచరు అర్జీ తిరిగొచ్చింది.

మంత్రిగారు మాత్రం హాజరైనట్టే నమోదైంది. ఆయనకు అర్థమైందో లేదో అడగగలిగిన పిల్ల ఆ రోజు బడికి రాలేదు.