వెయ్యి వాట్ల డబ్బా

ఆ ఆదివారం పొద్దున్నే పట్టాభి స్నానం చేసి, విభూతి పెట్టుకుని, రెండు రిసీవర్ల ముందు దుప్పటి కట్టాడు. హోమ్ థియేటర్‌ను నడిపించే ఆ పెట్టెలన్నీ ఒకేలా పలుకుతాయనీ, తేడా అంతా స్పీకర్లలోనే ఉందనీ అతని సిద్ధాంతం. కింది వాటాలో ఉండే ఇంటి ఓనరు అంతయ్య ఒప్పుకోడు. దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్న అతని కొత్త రిసీవరు మీద వెయ్యి వాట్లని రాసి ఉంది. పట్టాభిది ఎనభై వాట్ల పాత పెట్టె, ఎత్తాలంటే ఇద్దరు కావాలి. దుప్పటి వెనక పట్టాభి భార్య లలితకుమారి తీగలు మారుస్తుంటే, పలికేది ఏదో అంతయ్య పోల్చాలి.

రాష్ట్రం గొడవ ముదిరాక నల్గొండ అంతయ్యా గుంటూరు పట్టాభీ మిగతా కబుర్లన్నీ మానేశారు. ఏ మాట ఎక్కడ తగులుతుందోనని భయం. మిగిలింది రిసీవర్ల వాదనే. ఈ పరీక్షలో అంతయ్య నొచ్చుకుంటే అదీ పోతుందని పట్టాభికి బెంగగా ఉంది.

తీరా స్విచ్చి వేసేసరికి కరెంటు పోయింది. సకల జనుల సమ్మె రోజులు. మళ్ళీ ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

అంతలో అంతయ్య కూతురు జ్యోతిక మెట్లెక్కి వచ్చింది. "నాయినా, ఎల్బీ నగర్ రోడ్డు మీద వంటా వార్పు నడుస్తున్నది. మైకుసెట్టు ఆంప్లిఫయర్ కాలిపోయింది. జనరేటర్ ఉన్నది. నీ డబ్బ ఇస్తవా?"

"తీస్కపో. వెయ్యి వాట్లు, ఊరంత ఇనపడ్తది," అన్నాడు అంతయ్య. ఆ ఊపులోనే, "సారుది గూడ పట్టు, ఎందుకన్న మంచిది," అన్నాడు.

వద్దంటే ఉద్యమానికి అడ్డుపడ్డాడంటారు. ఇస్తే గుంటూరు నుంచి బావమరిది ఫోన్ చేసి తిడతాడు. పట్టాభి తన పెట్టెతో పాటే అంతయ్య పక్కన ఆటో ఎక్కాడు.

రోడ్డు మీద పొయ్యిలు మండుతున్నాయి. వంట చేస్తున్న సైదమ్మ పట్టాభిని కూర్చోబెట్టి ఉల్లిగడ్డలు ముందు పోసింది. "జర కొయ్యి బిడ్డా," అంది. కోస్తుంటే కళ్ళ వెంట ధారగా నీళ్ళు.

"పాపం, సారు ఎంత బాధల ఉన్నడో," అన్నారు చూసినవాళ్ళు. "గాయనతోని రెండు మాటలు మాట్లాడిపియ్యాలె."

మైకు చేతికొచ్చింది. నోరు విప్పితే గుంటూరు బయటపడుతుంది. పట్టాభి గొంతు సవరించుకునేలోగా అంతయ్య రిసీవరు నాలుగు పెద్ద స్పీకర్ల బరువు మోయలేక ఆరిపోయింది.

జనమంతా అంతయ్య వైపు తిరిగారు. అతని ముఖం పాలిపోయింది. గెలిచానన్న సంతోషం పట్టాభికి కలగలేదు. "తీగ వదులై ఉంటుందండీ, నేను చూస్తాను," అంటూ బల్ల మీది రెండు పెట్టెలకూ ఎండ తగలకుండా కప్పిన గుడ్డలో తల దూర్చి, తీగలన్నీ తన పెట్టెకు మార్చాడు.

నినాదం చౌరస్తా దాటి వినబడింది. "అంతయ్యన్న డబ్బకు తిరుగులేదు," అన్నారు అందరూ. ఆ సందట్లో ఉపన్యాసం సంగతి మరిచిపోయారు. పట్టాభి మళ్ళీ ఉల్లిగడ్డల దగ్గర కూర్చున్నాడు.

సాయంత్రం అంతయ్య గిన్నెడు బగారన్నం పట్టుకుని పైకొచ్చాడు.

"సారూ, సర్దుతుంటే నా డబ్బ సల్లగున్నది. మీది కాలుతున్నది."

పట్టాభి గిన్నె అందుకున్నాడు.

"మీరే గెలిచిండ్రు. నా వాట్లన్ని అట్టపెట్టె మీదనే."

"అదెలాగండీ? అన్నీ ఒకటేనన్నది నేను. తేడా ఉందన్నది మీరు. ఉందిగా. నేనే ఓడిపోయాను."

"మీరెట్ల ఓడిపోతరు? ఓడిపోయింది నేను."

"కాదండీ, నేను."

కరెంటు ఇంకా రాలేదు గానీ, ఆ గొంతులు మన్సూరాబాద్‌లో వాళ్ళ వీధి చివరిదాకా వినబడ్డాయి.